లేక్ చార్లెస్‌లో రెండు రాత్రులు: పడవ పేరు, నేల తీరు

హ్యూస్టన్ పడమటి శివారైన కేటీ నుంచి ఐ-10 రహదారి మీద తూర్పుకు బయలుదేరితే, బ్యూమాంట్ దగ్గర రద్దీ లేని రోజున మూడు గంటలలోపే లూసియానాలోని లేక్ చార్లెస్ చేరుకోవచ్చు. టెక్సాస్ చట్టం వాణిజ్య క్యాసినోలను అనుమతించదు కనుక, సబైన్ నది దాటిన తరువాత తగిలే ఈ పట్టణపు క్యాసినోలు చాలావరకు మా ఊరివాళ్ళ డబ్బు మీదే నడుస్తాయి. కారు నిలిపే చోట నంబరు పలకలు చూస్తే ఆ సంగతి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. రాజమండ్రి నుంచి వచ్చిన బాబాయిని, పిన్నిని, మా పదకొండేళ్ళ అమ్మాయిని వెంటబెట్టుకుని ఇటీవల అక్కడ రెండు రాత్రులు ఉండి వచ్చాము. గోదావరి లాంచీల మీద దశాబ్దాలు తిరిగిన మనిషికి పడవ క్యాసినో చూపిస్తానని ముందుగా ఊరించడం నా తప్పే.

మొదట సరస్సు ఒడ్డున 2005లో తెరిచిన లోబెర్జ్ క్యాసినో హోటలుకు వెళ్ళాము. హోటలు నేల మీదే ఉంది. ఆట జరిగే హాలు మాత్రం నీటి మీద ఉంది. గుమ్మం దగ్గర కాపలాదారు వయసు చూపే కార్డు అడుగుతాడు, 21 ఏళ్ళు నిండనివారిని లోపలికి రానివ్వడు. అందువల్ల పిన్ని, మా అమ్మాయి ఈతకొలను వైపు వెళ్ళారు. తివాచీ మధ్యలో అడ్డంగా ఉన్న లోహపు పట్టీ దాటి నాలుగడుగులు వేశాక బాబాయి ఆగి, “పడవ ఎక్కడరా?” అన్నారు. దాని మీదే నిలబడ్డామన్నాను. ఆయన కాలితో నేలను రెండుసార్లు తట్టి చూసి, “కదలిక లేదు, సరంగు లేడు, రేవు లేదు, ఇదేం పడవ!” అని తేల్చేశారు.

ఆయన ప్రశ్నకు జవాబు చట్టాల చరిత్రలో ఉంది. ఈ పద్ధతికి ఆద్యురాలు అయోవా రాష్ట్రం: 1989లో చట్టం చేసి, 1991 ఏప్రిల్ 1న పడవలను నదిలోకి దింపింది. ఒక్క పందెం 5 డాలర్లకు, ఒక విహారంలో పోగొట్టుకునే మొత్తం 200 డాలర్లకు మించకూడదని హద్దు కూడా పెట్టింది. జూదాన్ని ఊళ్ళోకి రానివ్వలేదు, నది మీదే ఉంచామని ఓటర్లకు చెప్పుకోవడానికి శాసనసభ్యులకు ఈ ఏర్పాటు బాగా పనికివచ్చింది. అయితే అలాంటి హద్దులు లేని పొరుగు రాష్ట్రాలు రంగంలోకి దిగగానే కొన్ని పడవలు లంగరెత్తి మిసిసిపీ రాష్ట్రానికి తరలిపోయాయి. 1994లో అయోవా ఆ హద్దులను తీసేయక తప్పలేదు. పడవకు చక్రాలు లేకపోయినా పెట్టుబడికి ఉంటాయని ఆ రాష్ట్రానికి అలా తెలిసివచ్చింది.

లూసియానా 1991లో చేసిన చట్టం 15 లైసెన్సులే ఇస్తామంది. ఆట స్థలం 30,000 చదరపు అడుగులకు మించకూడదు, పడవ పంతొమ్మిదో శతాబ్దపు తెడ్డుచక్రాల ఓడను పోలి ఉండాలి, వేళకు నీటిలో విహారానికి వెళ్ళాలి అన్న షరతులూ పెట్టింది. జూదరికి విహారం మీద మోజు ఉండదు. మధ్యలో లేచి వెళ్ళే వీలు, ఎప్పుడంటే అప్పుడు వచ్చి కూర్చునే వీలు కావాలి. అందుకే వాతావరణం బాగాలేదన్న కారణం చూపి ఒడ్డునే ఉండిపోయిన ప్రయాణాలు ఎన్నో. లేక్ చార్లెస్‌లోనైతే ఒకటి నీటిలో తిరుగుతుంటే మరొకటి రేవులో ఉండేలా జంట పడవలు నడిపారు. 2001లో ప్రభుత్వం ఈ నాటకానికి తెర దించింది: విహారం అక్కరలేదు, బదులుగా పన్ను 18.5 శాతం నుంచి 21.5 శాతానికి పెరుగుతుంది. లైసెన్సులు లెక్కకు పదిహేనే కావడంతో వాటి చుట్టూ ఎంత బేరం నడిచిందో, మాజీ గవర్నరు ఎడ్విన్ ఎడ్వర్డ్స్ 2000లో ఆ లైసెన్సుల వ్యవహారంలోనే దోషిగా తేలడాన్ని బట్టి ఊహించవచ్చు. మన గోవాలో సైతం బల్ల ఆటలకు మాండవి నదిలోని నౌకలు, జూదపు యంత్రాలకు ఒడ్డునున్న ఐదు నక్షత్రాల హోటళ్ళు అని చట్టం గీత గీసింది కదా, ఆ తర్కం బాబాయికి వెంటనే పట్టుబడింది.

బస ఎంచుకునేవారికి ఆ 30,000 అడుగుల హద్దు పనికొచ్చే సంగతి. ఆట స్థలం పెంచుకునే వీలు లేనప్పుడు యాజమాన్యాలు డబ్బునంతా ఒడ్డు మీద కుమ్మరించాయి. పేకముక్క ముట్టని మా వంటి కుటుంబానికి దక్కే సుఖమంతా ఆ ఒడ్డుదే. లోబెర్జ్‌లో నెమ్మదిగా పారే నీటికాలువలో మా అమ్మాయి మూడు గంటలు తేలుతూనే ఉంది. పక్కనే 2014 డిసెంబరులో తెరిచిన గోల్డెన్ నగెట్‌కు సొంత ఇసుక తీరం ఉంది. పిల్లలుంటే మొదటిది, దంపతులే వెళితే రెండోది నయమని నా అభిప్రాయం. శుక్ర, శనివారాల్లో గది అద్దె పెరుగుతుంది; వారం మధ్యలో వెళ్ళగలిగితే అదే గది తక్కువకు దొరుకుతుంది.

రెండో రాత్రి మాత్రం పొదుపు చేద్దామని వేరే బస చూసుకున్నాము. దాని పేరు చెప్పను. గదిలో పొగాకు వాసన తెరల్లోకి ఇంకిపోయి ఉంది. ఉదయం బిల్లులో, బుక్ చేసినప్పుడు మా కంటపడని ‘రిసార్టు రుసుము’ వచ్చి చేరింది. అక్కడ రిసార్టు అనదగినది మంచు ముక్కల యంత్రం ఒక్కటే. శాకాహారులకు భోజనం ఎక్కడైనా కష్టమే కనుక పిన్ని కట్టి తెచ్చిన పులిహోరే రెండు పూటలా ఆదుకుంది.

తిరుగు ప్రయాణం రోజున ముందు కాల్కషూ నది మీది వంతెన ఎక్కాము. 1952లో తెరిచిన ఆ ఇనుప వంతెన కటకటాల నిండా ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన తుపాకుల బొమ్మలు ఉంటాయి. సముద్రపు దొంగ జాన్ లఫీట్ కథల గుర్తు అంటారు. 2020 ఆగస్టులో లారా తుఫాను వచ్చినప్పుడు ఐల్ ఆఫ్ కాప్రీ క్యాసినో పడవ కట్లు తెంచుకుని వచ్చి ఈ వంతెనకే తగులుకుంది. అది విని బాబాయి, “కదిలింది ఆ ఒక్కరోజేనన్నమాట” అన్నారు.

ఆ క్యాసినోకు వారసురాలైన హార్స్‌షూ 2022 డిసెంబరులో వెస్ట్‌లేక్‌లో నేల మీదే తెరుచుకుంది. తెడ్డుచక్రం షరతును ఎత్తివేసి, పాత రేవుకు 1,200 అడుగుల లోపల ఒడ్డు మీద కట్టుకోవచ్చని 2018లో చేసిన చట్టమే దానికి ఆధారం. లైసెన్సు మాత్రం ఇప్పటికీ నదీపడవదే. లోపల కప్పు ఎత్తుగా, దారులు విశాలంగా ఉన్నాయి. ఒక్క పూట చూసి రావడానికి ఇదే అనువైనది. పిన్ని ఒక యంత్రంలో 20 డాలర్లు వేసి, 14 డాలర్ల చీటీతో లేచి, లాభమొచ్చినంత సంతోషపడింది. బాబాయి బయటికొచ్చి, రేవు 1,200 అడుగుల లోపలే ఉందో లేదో తానే తేలుస్తానని గుమ్మం నుంచి నీటి వైపు అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచి, నూటయాభై దగ్గర ఎండకు తాళలేక కారు దగ్గరికి తిరిగి వచ్చేశారు.