గ్రెప్, సార్ట్, ఆక్: ఏళ్ల తరబడి వాడాక

నా పని సర్వర్ లాగ్‌లతో, అంటే సర్వర్‌లో జరిగేవి లైన్లుగా నమోదయ్యే ఫైళ్లతో. గ్రెప్, సార్ట్, ఆక్ అనేవి అలాంటి ఫైళ్ల మీద టెర్మినల్‌లో టైప్ చేసి నడిపే చిన్న కమాండ్లు. జీబీల కొద్దీ ఉండే ఫైల్‌ని మామూలు ఎడిటర్‌లో తెరిస్తే ల్యాప్‌టాప్ బిగుసుకుపోతుంది. ఫైల్‌ని పేజీలుగా చూపే లెస్ అనే కమాండ్‌లో మాత్రం వెంటనే కనబడుతుంది, అది ఫైలంతా చదివేదాకా ఆగదు మరి.

రోజూ చేసేది ఒకటే: గ్రెప్‌తో ఎర్రర్ లైన్లు ఏరడం, ఆక్‌తో ఐపీ (నెట్‌లో కంప్యూటర్ చిరునామా) కాలమ్ తీయడం, సార్ట్‌తో వరసలో పెట్టడం, యూనిక్ మైనస్ సీ (uniq -c)తో ఒకేలా ఉన్న లైన్లని లెక్కపెట్టడం, ఆ లెక్కల్ని మళ్లీ సార్ట్ చేయడం. ఏ ఐపీ ఎక్కువ విసిగిస్తోందో నిమిషంలో తేలిపోతుంది. వీటిని కలిపే పైప్, అంటే ఒక కమాండ్ ఫలితాన్ని నేరుగా తర్వాతి కమాండ్‌కి అందించే ఏర్పాటు, 1973లో యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోకి వచ్చింది. ఆలోచన డగ్ మెకిల్రాయ్‌ది, అమలు చేసింది కెన్ థాంప్సన్, ఇద్దరూ యూనిక్స్ తయారీలో పాల్గొన్నవాళ్లే. ఇప్పటికీ దానికి సాటి వచ్చేది నాకు దొరకలేదు. కొత్తగా చేరినవాళ్లకి ఒక్క మాట: యూనిక్ పక్కపక్కన ఉన్న లైన్లనే పోలుస్తుంది, ముందు సార్ట్ చేయకపోతే లెక్క తప్పొస్తుంది.

చిరాకులూ ఉన్నాయి. సార్ట్ ఫలితాన్ని అదే ఫైల్‌లోకి మళ్లిస్తే ఫైల్ ఖాళీ అవుతుంది, ఎందుకంటే సార్ట్ మొదలయ్యేలోపే, మన కమాండ్లని నడిపే షెల్ ఆ ఫైల్‌ని తుడిచేస్తుంది. హెచ్చరిక కూడా రాదు. అందుకే ఫలితం ఏ ఫైల్‌లోకి వెళ్లాలో సార్ట్‌కే చెప్పే మైనస్ ఓ వాడాలి. ఫైల్‌లోని మాటల్ని అక్కడికక్కడే మార్చే సెడ్ మైనస్ ఐ మ్యాక్‌లో ఒకలా, లినక్స్‌లో ఒకలా ఉంటుంది. ఐ పక్కనే ఖాళీ లేకుండా డాట్ బ్యాక్ అని తగిలిస్తే (-i.bak) రెండుచోట్లా నడుస్తుంది. కమాండ్లతో పాటు వచ్చే వివరణలు, మాన్ పేజీలు మాత్రం తెలిసినవాళ్లకి గుర్తుచేయడానికే, నేర్పడానికి కాదు.

తెలుగు ఫైళ్ల దగ్గరే అసలు తలనొప్పి. 'తెలుగు' అనే మాటకి లెక్కపెట్టే కమాండ్ డబ్ల్యూసీ మైనస్ సీ 18 అంటుంది, మైనస్ ఎమ్ 6 అంటుంది, కంటికి కనబడేవి మూడక్షరాలే. మొదటిది బైట్ల లెక్క, రెండోది గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కపెడుతుంది. ఏ భాష పద్ధతి పాటించాలో చెప్పే లోకేల్ అనే సెట్టింగ్‌ని సీ (అక్షరాల్ని బైట్ విలువల వరసలోనే పోల్చే పద్ధతి)కి మారిస్తే సార్ట్ వేగంగా నడుస్తుంది కానీ 'కవి' కన్నా ముందు 'కళ' వస్తుంది. ప్రతి అక్షరానికీ ఒక నంబర్ ఇచ్చే యూనికోడ్‌లో ళ స్థానం వ కన్నా ముందు, మన వర్ణమాలలో హ తర్వాత.

ఇంతకన్నా టెన్షన్ పెట్టేది 'సాఫ్ట్‌వేర్' లాంటి మాటలు. ట్ తర్వాత, పక్క అక్షరంతో కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకరు కొడతారు, ఇంకొకరు కొట్టరు. గ్రెప్‌కి అవి రెండు వేరువేరు మాటలు, సగం ఫలితాలు జారిపోతాయి. నేను వెతికే ముందే సెడ్‌తో ఆ గుర్తుని తీసేసి, శుభ్రం చేసిన కాపీ మీదే గ్రెప్ నడుపుతాను.