చేతికి అతికించుకునే షుగర్ సెన్సర్: మూడు నెలలు వాడాక

షుగర్ వచ్చి పదకొండేళ్లు, ఇన్సులిన్ మొదలై నాలుగేళ్లు. రోజూ వేలు గుచ్చుకునేదాన్ని. డాక్టరుగారు చెప్తే ఈ సెన్సర్ పెట్టించుకున్నాను. జబ్బ వెనకవైపు అతికిస్తే 14 రోజులు పనిచేస్తుంది. నొప్పి లేదు, స్నానానికి అడ్డు లేదు. ఒకటి మాత్రం తొమ్మిదో రోజే ఊడిపోయింది.

వస్తువు మంచిదే. దాంతో వచ్చిన పుస్తకమే పనికిరాదు. యాప్ నిండా కొత్త మాటలు, ఒక్కదానికీ సరైన అర్థం రాయలేదు.

మొదటిరోజు తిన్న గంటకి మీటరులో 178, సెన్సర్‌లో 149. చెడిపోయిందనుకుని పీకేయబోయాను. తర్వాత తెలిసింది, సెన్సర్ చూసేది రక్తాన్ని కాదట, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవాన్ని. రక్తంలో షుగర్ మారితే అక్కడ కనపడడానికి 5 నుంచి 10 నిమిషాలు పడుతుంది. రెండూ పోల్చాలనుకుంటే తెరమీద బాణం అడ్డంగా ఉన్నప్పుడు, అంటే షుగర్ నిలకడగా ఉన్నప్పుడు పోల్చండి.

'హైపో' అంటే షుగర్ 70 కన్నా తగ్గడం. 54 కన్నా దిగితే ఇంకా ప్రమాదం. ఈ సెన్సర్ విలువ నాకు తెలిసింది అక్కడే. నా హెచ్‌బీఏ1సీ (ల్యాబులో చేసే రక్తపరీక్ష) ఎప్పుడూ 7.1. అది రెండు మూడు నెలల సగటు చెప్తుంది కాబట్టి అంతా బాగుందనుకున్నాం. మూడోరాత్రి రెండున్నరకి అలారం మోగింది, చూస్తే 58. వేలు గుచ్చి చూసినా 61. ఎన్ని రాత్రులుగా ఇలా పడిపోతోందో! రాత్రి పడిపోయింది, పగలు పెరిగింది, రెండూ కలిసి సగటు చక్కగా వచ్చింది. గ్రాఫు చూసి డాక్టరుగారు రాత్రి మోతాదు తగ్గించారు.

హైపో వస్తే 15 గ్రాముల గ్లూకోజు తీసుకుని, 15 నిమిషాలాగి మళ్లీ చూసుకోవాలి. అప్పుడు మాత్రం సెన్సర్‌ని నమ్మకండి, వేలే గుచ్చండి. అది ఆలస్యంగా మారుతుంది కాబట్టి ఇంకా తక్కువే చూపిస్తుంటే కంగారుపడి మళ్లీ మళ్లీ తీపి తినేస్తాం, నేనూ అదే చేశాను. ఇంకోటి, సెన్సర్ ఉన్న చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని హైపో చూపిస్తుంది.

'టైమ్ ఇన్ రేంజ్' అంటే 70కీ 180కీ మధ్య ఎంతసేపు ఉన్నామన్నది. చాలామందికి లక్ష్యం 70 శాతం పైన, అంటే రోజులో దాదాపు 17 గంటలు. పెద్దవయసువాళ్లకి, హైపో భయం ఉన్నవాళ్లకి 50 దాటితే చాలంటారు. నాది 52 నుంచి 69కి వచ్చింది.

'జీఎంఐ' అంటే సెన్సర్ సగటు నుంచి కట్టిన హెచ్‌బీఏ1సీ అంచనా. ల్యాబులో వచ్చే హెచ్‌బీఏ1సీతో అచ్చంగా కలవదు. నాకు 7.4 చూపించింది, ల్యాబులో 7.1. రక్తహీనత ఉన్నవాళ్లకి తేడా ఇంకా ఎక్కువ రావచ్చు.

ఇన్సులిన్ వాడేవాళ్లు, ముఖ్యంగా రాత్రుళ్లు చెమటలు పట్టి లేచేవాళ్లు తప్పకుండా పెట్టించుకోండి. బిళ్లలతోనే నడుస్తున్నవాళ్లు డాక్టరుని అడిగి ఒక్క 14 రోజులు వాడి చూడండి.