ఫోల్డర్ లాక్ సాఫ్ట్‌వేర్ కొనే ముందు ఇది చదవండి

మా ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే, వాడేవాళ్లం నలుగురం. నా మెడికల్ రిపోర్టులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు ఎవరి కంటా పడకూడదని డబ్బు పెట్టి ఒక ఫోల్డర్ లాక్ ప్రోగ్రాం కొన్నాను. పాస్‌వర్డ్ పెట్టగానే ఫోల్డర్ మాయమైంది. ఏడాది పాటు నిశ్చింతగా ఉన్నాను.

మొన్న విండోస్ పాడైంది. ఫైళ్లు కాపాడదామని తమ్ముడు పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ (విండోస్ లాంటిదే మరో ఆపరేటింగ్ సిస్టమ్) నడిపాడు. నేను దాచిన ఫోల్డర్ మిగతావాటి పక్కనే కనిపించింది. పాస్‌వర్డ్ అడగలేదు, రిపోర్టులు తెరుచుకున్నాయి. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పని విషయం వాడికి అలా తెలిసిపోయింది. పోయిన డబ్బు కంటే అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

తర్వాత చూస్తే అర్థమైంది. ఆ ప్రోగ్రాం ఫైళ్లను ఎన్‌క్రిప్ట్ చేయనే లేదు, అంటే పాస్‌వర్డ్ లేకుండా చదవలేని రూపంలోకి మార్చలేదు. వాటిని దాచిపెట్టి, విండోస్ నడుస్తున్నంతసేపు అడ్డంగా నిలబడింది, అంతే. విండోస్ లేకపోతే ఆ కాపలా కూడా లేదు. కంపెనీకి రాశాను. 'లాక్ అని చెప్పాం, ఎన్‌క్రిప్షన్ అనలేదు' అన్నారు. డబ్బు వెనక్కి ఇవ్వలేదు.

కాబట్టి ఏదైనా కొనేముందు ట్రయల్‌లోనే పరీక్షించండి. పనికిరాని ఫైలు ఒకటి అందులో పెట్టి లాక్ చేసి, కంప్యూటర్‌ను విండోస్‌తో కాకుండా లినక్స్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి (మొదలుపెట్టి) చూడండి. ఫైలు తెరుచుకుంటే కొనకండి. 'పాస్‌వర్డ్ మర్చిపోతే మేం తెరిచి ఇస్తాం' అన్నా అనుమానించండి. వాళ్లు తెరవగలిగితే తాళంచెవి మీ ఒక్కరి దగ్గరే లేనట్టు.

నిజానికి దీనికి డబ్బు పెట్టక్కర్లేదు. ఫైళ్లు పెట్టుకోవడానికి ఎన్‌క్రిప్ట్ చేసిన పెట్టెలాంటిది తయారుచేసే వెరాక్రిప్ట్, ఫైళ్లను కుదించి ఒకే ఫైలుగా చేసే సెవెన్‌జిప్ రెండూ ఉచితమే, రెండింటిలోనూ 256 బిట్ల ఏఈఎస్ అనే బలమైన ఎన్‌క్రిప్షన్ ఉంది. సెవెన్‌జిప్‌లో సెవెన్‌జెడ్ (7z) ఫార్మాట్ ఎంచుకుని, పాస్‌వర్డ్ పెట్టి, ఫైల్ పేర్లను కూడా ఎన్‌క్రిప్ట్ చేసే ఆప్షన్‌కు టిక్ పెట్టండి. లేదంటే లోపలివి తెరవలేకపోయినా పేర్లు చదివేయొచ్చు. మెడికల్ రిపోర్టుకు పేరే చాలు కదా. వెరాక్రిప్ట్‌లో పని అయ్యాక డిస్‌మౌంట్ చేయడం (తెరిచిన పెట్టెను మళ్లీ మూసేయడం) మరవొద్దు, అప్పటిదాకా తలుపు తెరిచి ఉన్నట్టే. ఫైళ్లను వీటిలో పెట్టాక, బయట మిగిలిన ఒరిజినల్ ఫైళ్లను డిలీట్ చేసి, రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి. అయినా రికవరీ సాఫ్ట్‌వేర్‌తో పాతవి బయటపడే అవకాశం ఉంటుంది. అందుకే నేనిప్పుడు కొత్త రిపోర్టు ఏదొచ్చినా మొదటి నుంచే వెరాక్రిప్ట్‌లో సేవ్ చేస్తున్నాను. పాస్‌వర్డ్ మాత్రం కాగితం మీద రాసి బీరువాలో పెట్టాను, ఎందుకంటే మర్చిపోతే తెరిచేవాళ్లు ఎవరూ లేరు.