"పని చేయలేదు" అని కూడా రాయాలి: లైనక్స్ హార్డ్‌వేర్ డేటాబేస్‌తో ఆరేళ్లు

పర్లాకిమిడిలో నాకొక చిన్న కంప్యూటర్ షాపు ఉంది. ముందు గదిలో జిరాక్స్, ప్రింట్లు. వెనక గదిలో విప్పిన ల్యాప్‌టాప్‌లు. మహేంద్రతనయ నది దాటితే పాతపట్నం, అది ఆంధ్రా. అక్కడి వాళ్లూ వస్తారు, ఇటు కాశీనగర్, గుణుపురం నుంచీ వస్తారు. వచ్చేవాళ్లలో సగం మంది అడిగేది ఒకటే: "ఇది మా దాంట్లో పనిచేస్తుందా బాబూ?"

ఈ ప్రశ్నకు తప్పు జవాబు చెబితే ఇక్కడ నష్టం ఎక్కువ. విడిభాగం కావాలంటే బరంపురమో విశాఖో వెళ్లాలి. ఒక రోజు పోయినట్టే. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వచ్చేదాకా ఎదురుచూడాలి, తప్పు సరుకు వస్తే తిప్పి పంపి మళ్లీ ఎదురుచూడాలి. అన్నాళ్లూ ఆ మనిషి బల్ల మీద కంప్యూటర్ ఖాళీగా ఉండాల్సిందే. అందుకే 2019 నుంచి నేను లైనక్స్-హార్డ్‌వేర్ డాట్ ఆర్గ్ అనే డేటాబేస్ మీద ఆధారపడుతున్నాను. లైనక్స్ అంటే విండోస్ బదులు వేసుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్. అందులో ఏది బాగుంది, ఎక్కడ దెబ్బతిన్నాను, దాన్ని చూసి మేం సొంతంగా ఏం కట్టుకున్నాం అన్నది రాస్తున్నాను.

దాని దగ్గరికి నన్ను తీసుకెళ్లింది ఒక యూఎస్‌బీ వైఫై. కాశీనగర్ వైపు నుంచి ఒక మాస్టారు పాత డెస్క్‌టాప్ తెచ్చి, ఇంటి దగ్గర పిల్లలకు పాఠాలు చూపించడానికి లైనక్స్ వేసి, వైఫై కూడా పెట్టమన్నారు. నా దగ్గర అప్పటికే ఒక వైఫై స్టిక్ ఉండేది. అందులో ఏఆర్9271 చిప్ ఉంది. దానికి డ్రైవర్ (పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) కెర్నల్‌లోనే, అంటే లైనక్స్ గుండెకాయలోనే ఉంటుంది, గుచ్చగానే పనిచేసేది. మాస్టారికీ అదే మోడల్ తెప్పించాను. అదే పేరు, అదే నెంబరు, అదే బొమ్మ. గుచ్చితే లైటు వెలగలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి, గుచ్చిన యూఎస్‌బీ పరికరాల ఐడీలు చూపించే ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కమాండ్ కొట్టాను. రెండు వేర్వేరు ఐడీలు వచ్చాయి. అప్పుడు డబ్బా తిప్పి చూస్తే, బార్‌కోడ్ పక్కన చీమ తలంత అక్షరాల్లో వెర్షన్ నెంబరు మారి ఉంది. పేరు మార్చకుండా లోపలి చిప్ మార్చేశారు. మాస్టారు నన్ను ఒక్క మాట అనలేదు. "మరేం పర్లేదు బాబూ" అని మళ్లీ బస్సెక్కి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే అంత బాధ అనిపించేది కాదు.

ఆ రాత్రి ఆ ఐడీని నెట్‌లో వెతికితే ఈ డేటాబేస్ దొరికింది. అదే చిప్‌ను ప్రపంచంలో ఎవరెవరు ఏ కంప్యూటర్‌కు పెట్టుకున్నారో, ఏ కెర్నల్ మీద ఏమైందో వరసగా ఉంది. కొనే ముందు చూసి ఉంటే సరిపోయేది.

విషయమంతా ఆ ఐడీలోనే ఉంది. కంప్యూటర్ లోపల గుచ్చే ప్రతి పీసీఐ కార్డుకూ, యూఎస్‌బీ పరికరానికీ రెండు భాగాల నెంబరు ఉంటుంది. ముందు నాలుగు అంకెలు తయారీదారుడివి, తర్వాత నాలుగు పరికరానివి. ఇంటెల్‌ది 8086. 8086:0085 అంటే సెంట్రినో 6205 వైఫై కార్డు. పెట్టె మీద ఏం రాసుకున్నా ఈ నెంబరు లోపలి చిప్ సంగతి చెప్పేస్తుంది. డ్రైవర్ చూసుకునేది కూడా దీన్నే.

వాడకం తేలిక. హెచ్‌డబ్ల్యూ-ప్రోబ్ అనే చిన్న ప్రోగ్రామ్ ఉంది, డెబియన్, ఉబుంటు అనే లైనక్స్ రకాల రిపాజిటరీల్లోనే (ప్రోగ్రామ్‌ల గోదాముల్లోనే) దొరుకుతుంది. ల్యాప్‌టాప్‌లో ఏమీ ఇన్‌స్టాల్ చేయకుండా లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి నడిపినా చాలు. కాసేపట్లో మెషీన్‌లో ఉన్నవన్నీ చదివి, లాగ్‌లతో (మెషీన్ తనకు తాను రాసుకునే చిట్టాలతో) సహా అప్‌లోడ్ చేసి, ఒక లింకు ఇస్తుంది. ఆ నివేదికనే ప్రోబ్ అంటాం. ఆ పేజీలో ఒక్కో పరికరానికి ఒక్కో వరస: ఐడీ, పేరు, డ్రైవర్, స్థితి. ఐడీ మీద నొక్కితే అదే పరికరం ఉన్న మిగతా కంప్యూటర్లు వస్తాయి. ఏ కెర్నల్ వెర్షన్ నుంచి దానికి డ్రైవర్ ఉందో కూడా చాలావాటికి చెబుతుంది.

కస్టమర్ల మెషీన్ల నుంచి ఇలా పంపడం సరైనదేనా అని మొదట్లో నాకు టెన్షన్‌గా ఉండేది. హోస్ట్‌నేమ్, యూజర్ పేరు, ఐపీ అడ్రస్, సీరియల్ నెంబర్లు వెళ్లవు. ఒకే కంప్యూటర్‌ను రెండుసార్లు లెక్కపెట్టకుండా ఉండటానికి మ్యాక్ అడ్రస్ (నెట్‌వర్క్ కార్డు గుర్తింపు నెంబరు) లాంటి వాటిని హ్యాష్ చేసి, అంటే వెనక్కి చదవలేని అక్షరాలుగా మార్చి, అందులో కొంత ముక్క మాత్రమే పంపుతుంది. అయినా నేను ప్రతి ఒక్కరికీ చెప్పి, సరేనంటేనే పంపుతాను. వద్దన్నవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉన్నారు. వాళ్లది పంపలేదు.

ఇక్కడి మాకు దీనివల్ల అందరికంటే ఎక్కువ లాభం ఏమిటంటే దూరం తగ్గడం. గుణుపురంలో నాలాంటి షాపే నడిపే తమ్ముడొకడున్నాడు. ఇంతకుముందు ఫోన్ చేసి, "అన్నా, సౌండ్ రావట్లేదు" అని స్క్రీన్ ఫొటో పంపేవాడు. మసగ్గా ఉండేది, పైగా కావాల్సిన లైను ఎప్పుడూ ఫొటోకి బయటే ఉండేది. ఇప్పుడు ప్రోబ్ లింకు పంపుతాడు. ఒకసారి కొత్తరకం ల్యాప్‌టాప్ ఒకటి సౌండ్ సెట్టింగ్‌లో "డమ్మీ అవుట్‌పుట్" అని చూపిస్తోందన్నాడు. లింకు తెరిచి కెర్నల్ లాగ్ చూస్తే సౌండ్ చిప్‌కు కావాల్సిన ఎస్‌ఓఎఫ్ ఫర్మ్‌వేర్ ఫైలు దొరకలేదని స్పష్టంగా ఉంది. స్పీకర్ పోయిందనుకుని అప్పటికే వాడు వెనక మూత విప్పేశాడు. "మూసేయ్ రా, ఒక ప్యాకేజీ వేస్తే చాలు" అన్నాను. అయిదు నిమిషాల్లో పాట వినిపించాడు ఫోన్‌లో.

కొండల మీద ఊళ్లలో సిగ్నల్ ఉండదు. అక్కడ ప్రోబ్‌ను పెన్‌డ్రైవ్‌లో దాచుకుని కిందికి వచ్చాక అప్‌లోడ్ చేసుకునే వీలు కూడా ఉంది. మోహనా దాటి వెళ్లినప్పుడల్లా అలాగే చేస్తాను.

ర్యామ్ కొనేటప్పుడు కూడా చూస్తాను. నాలుగో జనరేషన్ ఇంటెల్ ల్యాప్‌టాప్‌లకు 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ కావాలి. 1.5 వోల్టుల మామూలు డీడీఆర్3 స్లాట్‌లో చక్కగా కూర్చుంటుంది, మెషీన్ మాత్రం లేవదు. అదే మోడల్ ప్రోబ్‌లు నాలుగైదు తెరిస్తే ఎవరెవరు ఏ ర్యామ్ వేసుకున్నారో పార్ట్ నెంబరుతో సహా కనిపిస్తుంది. అది చూసుకుని ఆర్డర్ పెడితే నాకు ఇంతవరకు తప్పలేదు.

ఇప్పుడు దెబ్బతిన్న చోట్లు.

మొదటిది, ఆ పట్టికలో ఆకుపచ్చగా "పనిచేస్తోంది" అని కనిపించేదాన్ని నమ్మి మోసపోవద్దు. చాలావరకు అది మనిషి వాడి చూసి రాసింది కాదు. లాగ్‌లు చూసి, డ్రైవర్ తగులుకుందా లేదా అన్నదాన్నిబట్టి ప్రోగ్రామ్ తేల్చింది. డ్రైవర్ తగులుకున్న వైఫై పావుగంటకోసారి తెగిపోవచ్చు. అదీ పచ్చగానే ఉంటుంది. స్థితిని చేత్తో మార్చి, వ్యాఖ్య రాసే ఏర్పాటు ఉంది కానీ రాసేవాళ్లు తక్కువ. మూత వేసి తెరిస్తే స్క్రీన్ వెలుగుతుందా, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అన్నవి డివైజ్‌ల పట్టికలో దొరికే సంగతులు కావు. మా కస్టమర్లు మొదట అడిగేవి మాత్రం అవే.

రెండోది నాకు బాగా గుర్తున్న దెబ్బ. ఒక ఆఫీసు నుంచి బయటికొచ్చిన పాత ల్యాప్‌టాప్‌లో వైఫై నీరసంగా ఉంటే, నా దగ్గరున్న 6205 కార్డు వేద్దామనుకున్నాను. డేటాబేస్‌లో ఆ కార్డు ఎక్కడ చూసినా బాగానే ఉంది. వెనక మూత విప్పి, పాత కార్డు మీద రెండు యాంటెన్నా తీగలు, ఒకటి నలుపు, ఒకటి తెలుపు, గోటితో మెల్లగా పైకి లేపాను. కొత్త కార్డు వంచి దింపి, స్క్రూ బిగించి, తీగల చివర గుండీలు టిక్కుమనేదాకా నొక్కాను. పవర్ ఇస్తే నల్లటి స్క్రీన్ మీద ఒకే లైను: అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు, తీసేయండి అని. ఆపరేటింగ్ సిస్టమ్ దాకా కూడా వెళ్లనివ్వలేదు. తయారీదారులు కొందరు తమ జాబితాలోని కార్డులు తప్ప వేరేవి పెట్టనివ్వకుండా బయాస్‌లోనే (పవర్ ఇవ్వగానే ముందు నడిచే ప్రోగ్రామ్‌లోనే) తాళం వేసేవాళ్లు. డేటాబేస్ అబద్ధం చెప్పలేదు. కార్డుకూ కెర్నల్‌కూ పొత్తు కుదిరిందనే అది చెప్పింది. కార్డుకూ ఆ మెషీన్‌కూ కుదురుతుందా అన్నది వేరే సంగతి. మెషీన్ తిరగ్గొట్టిన కార్డుతో బూటే అవ్వదు కాబట్టి, అలాంటి చోటునుంచి ప్రోబ్ ఎవరూ పంపలేరు. ఓడిపోయిన ప్రయత్నాలు ఆ జాబితాలోకి చేరే దారే లేదు.

ప్రింటర్లకు ఇది పెద్దగా పనికిరాదు. వాటికి ఓపెన్‌ప్రింటింగ్ వాళ్ల జాబితా ఉంది. అందులో పూర్తిగా, చాలావరకు, కొంతవరకు అని మెట్లుండి, అట్టడుగున "పేపర్‌వెయిట్" అని ఒక మెట్టుంది. నాకు ఆ నిజాయితీ చాలా ఇష్టం. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మాత్రమే కావాలనుకునేవాళ్లకు హెచ్-నోడ్ అనే జాబితా ఉంది. 2014లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, డెబియన్ కలిసి దానికి చేయూత ఇచ్చాయి. అక్కడ మనుషులే చేత్తో రాస్తారు కాబట్టి మాట నమ్మకంగా ఉంటుంది, కానీ ఇక్కడ మాకు దొరికే మోడళ్లు తక్కువ.

ఈ లోటు చూసే 2022లో మేం కొందరం కలిసి షేర్డ్ షీట్ ఒకటి మొదలుపెట్టాం. నేను, గుణుపురం తమ్ముడు, పాతపట్నంలో డీటీపీ చేసే ఒకాయన, టెక్కలిలో ఒక లెక్చరర్, జయపురంలో ఇంకో షాపతను. మెషీన్ మోడల్, ప్రోబ్ లింకు, చివర తెలుగులో వ్యాఖ్య. అంతే.

మొదటి ఏడాది అది దాదాపు పనికిరాలేదు. ఎందుకంటే అందరం పనిచేసినవే రాశాం. పనిచేయలేదని రాస్తే మనకే పనితనం లేదనుకుంటారేమోనని ఎవరికి వాళ్లం ఊరుకున్నాం. నేనూ ఆ తాళం వేసిన ల్యాప్‌టాప్ సంగతి రాయలేదు. ఆరు నెలల తర్వాత జయపురం అతను అదే మోడల్‌కు అదే కార్డు కొని, అదే స్క్రీన్ చూశాడు. ఫోన్‌లో "నీకు ముందే తెలుసా అన్నా?" అని అడిగాడు. ఆ రోజే "ఏం పని చేయలేదు" అని ఒక గడి పెట్టాం. అది ఖాళీగా ఉంటే ఆ వరస పూర్తికానట్టే లెక్క. అన్నీ పనిచేస్తే "అన్నీ చూశాను" అని రాయాలి.

తర్వాత ఇంకో గొడవ వచ్చింది. ఒకే చవక వైఫై స్టిక్ మీద టెక్కలి లెక్చరర్ గారు రాదన్నారు, పాతపట్నం ఆయన వస్తోందన్నారు. నువ్వు సరిగ్గా చూడలేదంటే నువ్వు సరిగ్గా చూడలేదని రెండు రోజులు నడిచింది. తీరా చూస్తే ఇద్దరిదీ ఉబుంటు 22.04. ఒకరిది 5.15 కెర్నల్, ఇంకొకరిది 6.2. దాన్ని నడిపే ఆర్‌టీడబ్ల్యూ88 డ్రైవర్‌కు యూఎస్‌బీ స్టిక్‌లు నడిపే శక్తి వచ్చింది 6.2లోనే. ఇద్దరూ నిజమే చెప్పారు. అప్పటినుంచి కెర్నల్ వెర్షన్, బయాస్ వెర్షన్, తేదీ లేని వరసను ఒప్పుకోం. పాత వరసను చెరపం, కిందనే కొత్తది రాస్తాం. డెబియన్ 12 నుంచి వైఫై ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌తోనే వస్తోంది. అంతకుముందు "వైఫై రాలేదు" అని రాసుకున్నవి ఎన్నో ఇప్పుడు వస్తాయి. తేదీ లేకపోతే అది తెలిసేది ఎలా?

వ్యాఖ్యలు ఏ భాషలో రాయాలన్న చర్చ కూడా జరిగింది. పద్ధతిగా రాద్దామని లెక్చరర్ గారు. ఎవరెలా చెబితే అలాగే రాద్దామని నేను. "ఛార్జర్ పెడితే మౌసు గెంతులేస్తంది" అన్న మాటలో ఉన్న సమాచారం "టచ్‌ప్యాడ్ పనితీరు అసంతృప్తికరం" అన్నదాంట్లో లేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు మాది. సవరల దగ్గర కూర్చుని, వాళ్ల నోట్లో మాట ఎలా ఉంటే అలా రాసుకున్న మనిషి. ఆయన ఊళ్లో ఉండి గ్రాంథికం ఎందుకన్నాను. లెక్చరర్ గారు ఒప్పుకున్నారు.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మామూలు మద్దతు ముగిశాక షీటు పని బాగా పెరిగింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో జనరేషన్ నుంచే. మా దగ్గర తిరిగే సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు ఎక్కువగా అంతకంటే పాతవి. వాటిని పారేయకుండా లైనక్స్‌తో నడపాలంటే ఏది కుదురుతుందో, ఏది కుదరదో ముందే తెలియాలి.

లైనక్స్-హార్డ్‌వేర్‌కు నా మార్కులు అడిగితే పదికి ఎనిమిది. ఐడీ పట్టుకుని వెతకడానికి, దూరంలో ఉన్న మెషీన్ కడుపులో ఏముందో చూడటానికి నాకు దానికి మించింది కనిపించలేదు. రెండు మార్కులు తగ్గించింది ఆ పచ్చరంగు కోసం.

మొన్నొక మధ్యాహ్నం కాశీనగర్ మాస్టారు పలాస నుంచి ఫోన్ చేశారు. మనవరాలికి సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ చూస్తున్నారట. నేనిచ్చిన లైవ్ పెన్‌డ్రైవ్ అక్కడే గుచ్చి, కొట్టువాణ్ని పక్కన నిలబెట్టి, "నెట్‌వర్క్ అన్న చోట ఐడీ చదువుతాను, రాసుకో బాబూ. ఎనిమిది, సున్నా, ఎనిమిది, ఆరు..." అన్నారు. తర్వాతి నాలుగు వినగానే తీసుకోమన్నాను. "సరే, అయితే బేరం ఆడతాను, ఉండు" అని ఫోన్ పెట్టేశారు. సాయంత్రం మళ్లీ చేసి, షీటులో వరస నింపించారు. మోడల్, కెర్నల్, బయాస్, తేదీ అన్నీ ఆయనే చెప్పారు. నేను సేవ్ చేయబోతుంటే ఆపారు.

"కెమెరా రావట్లేదు. అది కూడా రాయి బాబూ, మర్చిపోకు."