మోడల్ సరిగ్గానే ఉంది, ఇటరేషన్ సెట్టింగే ముంచింది: స్ప్రెడ్‌షీట్‌లో జీడీపీ అంచనాలు, 3 ఏళ్ల వాడకం తర్వాత

ఎక్సెల్ స్ప్రెడ్‌షీట్‌లో స్థూల ఆర్థిక మోడల్ నడుస్తుందా అని నల్లగొండ, పాలమూరు వైపు పీజీ ఎకనామిక్స్ చెప్పేవాళ్లు అడుగుతుంటారు. నడుస్తుంది. 18 సమీకరణాల త్రైమాసిక మోడల్ ఒకటి, దాని పక్కన రాష్ట్రానికి చిన్న వార్షిక షీటు ఒకటి, 3 ఏళ్లుగా అందులోనే నడుస్తున్నాయి. సమీకరణాల్లోని గుణకాలు (కోఎఫిషియంట్లు) గ్రెటెల్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లో లెక్కించి తెచ్చి పేస్ట్ చేయడం, ఊహలు మార్చడం, ఫలితం చూడడం వరకే స్ప్రెడ్‌షీట్ పని. ఆ పనిలో ఒక్క సెట్టింగ్ మీద కోపం మాత్రం ఇప్పటికీ చల్లారలేదు.

ముందు నచ్చిన సంగతి. ప్రతి సమీకరణం కింద ఒక సర్దుబాటు వరుస పెట్టుకోవచ్చు. ఈ పనిలో ఉన్నవాళ్లు యాడ్ ఫ్యాక్టర్ అనేది దీన్నే. సాగర్ ఎడమ కాలువకు యాసంగి నీళ్లు వదలరని మనకు ముందే తెలుస్తుంది, వ్యవసాయ సమీకరణానికి తెలియదు. దానికి తెలిసినవి నిరుటి ఉత్పత్తి, వానలు, అంతే. ఆ ఏడాది గడిలో మైనస్ 0.03 (సుమారు 3 శాతం తగ్గుదల) వేస్తే చాలు, వరి తగ్గుదల కింది వరుసలన్నింటిలోకి పాకడం కళ్లముందే కనిపిస్తుంది. మన అభిప్రాయం ఎంత, మోడల్ లెక్క ఎంత అన్నది విడివిడిగా కనిపించడం చాలా పెద్ద సుఖం.

ఇక కోపం సంగతి. వినియోగం ఆదాయం మీద ఆధారపడుతుంది, ఆదాయంలో వినియోగం కలిసి ఉంటుంది. గడులు ఒకదాన్నొకటి చూసుకుంటాయి కాబట్టి సర్క్యులర్ రిఫరెన్స్ వస్తుంది. దాన్ని పరిష్కరించడానికి ఫైల్, ఆప్షన్స్, ఫార్ములాస్‌లోకి వెళ్లి ఇటరేటివ్ క్యాలిక్యులేషన్ (అంకెలు నిలబడేదాకా లెక్కను మళ్లీ మళ్లీ చేయడం) ఆన్ చేయాలి. మామూలుగా అక్కడ గరిష్ఠంగా 100 సార్లు, మార్పు 0.001 అని ఉంటుంది, అంటే మార్పు అంతకన్నా తగ్గితే లెక్క ముందే ఆగుతుంది. ఇంతవరకు అందరికీ తెలుసు. చాలామందికి తెలియంది ఏమిటంటే, ఈ సెట్టింగ్ ఫైలుది కాదు, ప్రోగ్రాంది. ఆ పూట మొదట ఏ ఫైలు తెరిస్తే దాని సెట్టింగే తర్వాత తెరిచిన వాటన్నింటికీ వర్తిస్తుంది.

ల్యాబ్‌లో ఒకే ఫైలు, ఒకే ఊహలు రెండు కంప్యూటర్లలో రెండు జవాబులిచ్చాయి. ప్రభుత్వ వ్యయం గుణకం (మల్టిప్లయర్, అంటే ఖర్చు ఒక రూపాయి పెరిగితే ఆదాయం ఎన్ని రూపాయలు పెరుగుతుందన్నది) ఒకదాంట్లో 2.5, ఇంకోదాంట్లో సరిగ్గా 1. ఆ రెండోదాంట్లో పొద్దున్నే ఫీజుల రిజిస్టర్ తెరిచి ఉంది. ఎంట్రీ పడగానే తేదీ, సమయం దానంతటదే నమోదయ్యే కాలమ్ కోసం అందులో ఇటరేషన్ ఆన్ చేసి, గరిష్ఠ సంఖ్య 1 అని పెట్టారు. ఆ 1 మోడల్‌కూ అంటుకుంది.

ఏం జరుగుతుందో చిన్న లెక్కతో చూడొచ్చు. వినియోగం = 10 + 0.6 × ఆదాయం. మిగతా ఖర్చులన్నీ కలిపి 40. ఆదాయం 125 దగ్గర, వినియోగం 85 దగ్గర నిలబడతాయి. ఖర్చు 10 పెంచితే ఆదాయం 150కి చేరాలి. వినియోగం వరుస పైన, ఆదాయం వరుస కింద ఉండి ఇటరేషన్ 1 అయితే, పాత ఆదాయంతో వినియోగం 85 గానే ఉండి ఆదాయం 135 దగ్గర ఆగుతుంది. మళ్లీ లెక్కించమని ఎఫ్9 నొక్కితే 141. మళ్లీ నొక్కితే 144.6, ఆ తర్వాత 146.76. అంటే ఎఫ్9 ఎన్నిసార్లు నొక్కారన్న దాన్ని బట్టి జీడీపీ మారుతోంది! క్లాసులో గుణకం ఎలా పనిచేస్తుందో చూపించడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. అంచనాల పట్టికలో మాత్రం ఇది విషం.

తప్పు పట్టుకోవడానికి పెట్టిన తనిఖీ గడి కూడా అంతసేపూ సున్నానే చూపించింది. కారణం, అది ఆదాయం = వినియోగం + మిగతా ఖర్చు అన్న సర్వసమీకరణాన్ని సరిచూస్తోంది. ఆదాయం వరుస చివర్లో లెక్కయ్యేది కాబట్టి అది ఎప్పుడూ కుదురుతుంది: 85 + 50 = 135. సరిచూడాల్సింది వినియోగాన్ని. కొత్త ఆదాయం 135తో మళ్లీ లెక్కిస్తే 91 రావాలి, గడిలో 85 ఉంది. ఆ 6 తేడానే లెక్క ఇంకా కుదరలేదనడానికి గుర్తు. ఇప్పుడు వినియోగం లాంటి ప్రతి ప్రవర్తన సమీకరణానికీ అదే షీటులో, లూప్ (ఒకదాన్నొకటి చూసుకునే గడుల వలయం) కింద ఇలాంటి గడి ఒకటి ఉంది, తేడా 0.0001 దాటితే ఎర్రబడుతుంది.

ఇంకో చిక్కు: ఆ స్థితిలో మోడల్‌ను సేవ్ చేస్తే ఆ 1 మోడల్ ఫైలులోనూ నిలిచిపోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఇంకో కంప్యూటర్‌కు వెళ్లి, అక్కడ మొదట తెరిస్తే మిగతావాటికీ అంటిస్తుంది. మందు ఏమిటంటే, ఫైలు తెరవగానే నడిచే మ్యాక్రోలో మూడు లైన్లు: ఇటరేషన్ ఆన్, గరిష్ఠం 1000, మార్పు 0.000001. వాట్సాప్‌లోనో మెయిల్‌లోనో వచ్చిన ఫైలులో మ్యాక్రోలు బ్లాక్ అయి ఉండొచ్చు. అప్పుడు ఫైలు ప్రాపర్టీస్‌లో అన్‌బ్లాక్ టిక్ పెట్టి మళ్లీ తెరవాలి.

ఆ 0.001 కూడా అన్నిచోట్లా ఒకటే కాదు. కోట్లలో ఉన్న వరుసకు అది దుమ్ముతో సమానం. 6.5 శాతం వడ్డీ గడి లోపల 0.065 గా ఉంటుంది, అక్కడ 0.001 అంటే 10 బేసిస్ పాయింట్లు (ఒక బేసిస్ పాయింటు అంటే శాతంలో నూరో వంతు). రిజర్వ్ బ్యాంక్ రెపో రేటును సాధారణంగా 25 బేసిస్ పాయింట్ల చొప్పున కదిలిస్తుంది. లూప్ మొత్తం ద్రవ్యోల్బణం, రెపో రేటుతోనే ఉంటే లెక్క మధ్యలోనే ఆగిపోతుంది. రేట్లను 6.5 అనే రాసుకోవడం మంచిది.

లూప్‌లోకి ఒక్కసారి ఎర్రర్ చొరబడితే దానంతటది పోదు, ప్రతి గడీ పక్కదాని ఎర్రర్‌నే తిరిగి తీసుకుంటుంది. ఒక స్విచ్ గడి పెట్టి, అది 1 అయినప్పుడు వినియోగం చేత్తో రాసిపెట్టిన పాత అంకె తీసుకునేలా ఇఫ్ ఫార్ములా రాసుకోవాలి. లూప్‌ను రెండు షీట్లలోకి చీల్చొద్దు. సర్క్యులర్ లెక్కలు షీటు తర్వాత షీటుగా నడుస్తాయి, బాగా నెమ్మదిస్తుంది. మన ఆర్థిక సంవత్సరం మొదటి త్రైమాసికం క్యాలెండర్‌కు రెండోది, డేటా పేస్ట్ చేసేటప్పుడు ఇది తప్పితే అన్నీ తప్పుతాయి. లాక్‌డౌన్ పడిన 2020 ఏప్రిల్–జూన్‌కు డమ్మీ (ఆ త్రైమాసికానికి 1, మిగతావాటికి 0 ఉండే వరుస) లేకుండా సమీకరణాల గుణకాలు లెక్కించొద్దు.

పైన మెచ్చుకున్న సర్దుబాటు వరుస గురించి ఇంకో మాట చెప్పాలి. లాగ్ మార్పుల్లో (సుమారుగా ఏటి పెరుగుదల రేట్లలో) రాసిన సమీకరణంలో ఒక ఏడాది మైనస్ 0.03 వేస్తే ఉత్పత్తి స్థాయి ఆ తర్వాత కూడా సుమారు 3 శాతం కిందే ఉండిపోతుంది. కాలువకు నీళ్లొచ్చిన ఏడాది ప్లస్ 0.03 వేయాలి. ఆ గడిలో ఎవరు, ఎప్పుడు, ఎందుకు వేశారో స్ప్రెడ్‌షీట్ అడగదు. తేదీ, కారణం కామెంట్‌లో రాయకపోతే రెండేళ్లకు ఆ వరుస పేరు తెలియని అంకెలతో నిండిపోతుంది. మా షీటులో అలాంటివి 7 దొరికాయి, వాటిలో 3 ఎందుకు వేశారో ఇప్పటికీ తేలలేదు.

లైసెన్సు సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేని కాలేజీలో, ఒక్కరే నడిపే 20 సమీకరణాల లోపు మోడల్‌కు ఇది సరిపోతుంది. జనం రేపటి ధరలను ముందే ఊహించి నడుచుకుంటారన్న మోడల్ అయితే వద్దు. కాలం ఎడమ నుంచి కుడికి నడిచే షీటులో ఎడమ కాలమ్‌లు కుడి కాలమ్‌ల మీద ఆధారపడడం మొదలయ్యాక ఈ ఇటరేషన్‌ను నమ్మలేం. దానికి డైనేర్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితమే. రాష్ట్ర షీటును మాత్రం గట్టిగా సిఫారసు చేయలేను: 2011-12 ఆధార సంవత్సరపు వరుస 2024-25 దాకా తీసుకున్నా 14 అంకెలే. నాలుగు చరాంకాల సమీకరణానికి అవి చాలవు, ఆ లోటు స్ప్రెడ్‌షీట్ తీర్చేదీ కాదు. ఫీజుల రిజిస్టర్ ఇప్పుడు వేరే కంప్యూటర్‌లో ఉంది.