సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ కొంటున్నారా, అడ్వాన్స్ ఇచ్చేముందు వెనక సీటు జాలీలో వేలు పెట్టి చూడండి

కోనసీమ, పాలకొల్లు, భీమవరం సైడ్ ఎవరైనా సెకండ్ హ్యాండ్ హైబ్రిడ్ (పెట్రోలు ఇంజనుతో పాటు బ్యాటరీ, కరెంటు మోటారు కూడా ఉండే కారు) కోసం తిరుగుతుంటే ఇది చదివి అప్పుడు అడ్వాన్స్ ఇవ్వండి. నేను 11 లక్షల 80 వేలు పోసి కొన్న బండి ఇప్పుడు మా పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన ఉంది, బానెట్ మీద కోళ్లు పడుకుంటున్నాయి. కొట్టు పేరు రాయట్లేదు, కంప్లైంట్ నడుస్తోంది, లాయరుగారు వద్దన్నారు. కారు కంపెనీ పేరు కూడా రాయను, ఎందుకంటే తప్పు వాళ్లది కాదు.

అసలు నాకీ పిచ్చి పట్టించింది మా బావ. అప్పటిదాకా నాది ఎర్టిగా, వెనకాల స్మార్ట్ హైబ్రిడ్ అని బిళ్ల ఉండేది, నేను కూడా నాది హైబ్రిడ్డే అని గొప్పగా చెప్పుకునేవాణ్ణి. బావ భీమవరంలో కొత్త హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ తీసుకుని ఓసారి రాజోలు దాకా నన్ను నడపమన్నాడు. కాలవ గట్టు మీద నలభైలో పోతుంటే ఇంజను ఆగిపోయింది, నేను కంగారుపడి పక్కకి తీయబోతే ఆయన నవ్వి ‘నడుపు బావా, కరెంటు మీద పోతోంది’ అన్నాడు. అప్పుడర్థమైంది నాది హైబ్రిడ్ కాదని. అంటే అబద్ధమని కాదు, మైల్డ్ హైబ్రిడ్ అంటే ఒక చిన్న మోటారు ఇంజనుకి చెయ్యి సాయం పడుతుంది, సిగ్నల్ దగ్గర ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తుంది, అంతేగానీ ఒంటరిగా బండిని కదపలేదు. బావ బండిలాంటి స్ట్రాంగ్ హైబ్రిడ్ అయితే ఇంజను ఆపేసి కాసేపు మోటారు మీదే పోగలదు. గ్రాండ్ విటారాలోనే చూడండి, మైల్డ్‌కి కంపెనీ చెప్పే మైలేజీ లీటరుకి 21.11 కిలోమీటర్లు, స్ట్రాంగ్‌కి 27.97, బిళ్ల మీద మాత్రం రెండూ హైబ్రిడ్డే. పాత కార్లు అమ్మే కన్సల్టెన్సీల్లో మైల్డ్‌ని హైబ్రిడ్ రేటుకి అంటగట్టే బాపతు చాలామంది ఉన్నారు, అదో చిన్న జాగ్రత్త.

నిజం మైలేజీ చెప్పాలంటే మా రోడ్ల మీద నా ఎర్టిగా పదహారు పదిహేడు ఇచ్చేది, బావ బండి ఊళ్ల మధ్య, ఇరుకు వంతెనలు, గేదెలు, స్పీడ్ బ్రేకర్ల మధ్య ఇరవై నాలుగు పైనే చూపించింది, అదే రావులపాలెం దగ్గర హైవే ఎక్కి వందలో తొక్కితే ఇరవైకి దిగిపోయింది. మామూలు బండికి ఉల్టా అన్నమాట, బ్రేక్ వేసినప్పుడల్లా కాస్త కరెంటు వెనక్కి వస్తుంది కాబట్టి నిదానం రోడ్డే దీనికి కలిసొస్తుంది. మూడు సిలిండర్ల ఇంజను కదా, అందుకున్నప్పుడు కాళ్ల కింద చిన్న వణుకు తెలుస్తుంది. రాజమండ్రిలో మా ఫ్రెండు హోండా సిటీ హైబ్రిడ్ కూడా నడిపాను, అది ఇంకా మెత్తన, ఊళ్లో ఇంజను ఎక్కువగా కరెంటు తయారు చెయ్యడానికే తిరుగుతుంది, చక్రం తిప్పేది మోటారే, కానీ మా ఊరి స్పీడ్ బ్రేకర్ల మీద సెడాన్ కడుపు రాసుకుంటుంటే నా కడుపు తరుక్కుపోయింది. పెట్రోలు లీటరు అప్పటికే 109 దాటిన రాష్ట్రంలో, చవకని ట్యాంకు కొట్టించడానికి యానాం పోయే జనం మనం, మనసు లాగదా చెప్పండి.

కొత్తదానికి డబ్బులు చాల్లేదు. 2025 సంక్రాంతి వెళ్లాక హైవే పక్కన ఒక ఆటో కన్సల్టెన్సీలో 2023 జూలై బండి, స్ట్రాంగ్ హైబ్రిడ్, 28 వేల కిలోమీటర్లు, ఫస్ట్ ఓనర్. బయట అదే బండి పద్నాలుగున్నర చెప్తుంటే ఇతను పన్నెండు అన్నాడు, ఓనరు ఫారిన్ వెళ్లిపోతున్నాడు అర్జంటు అన్నాడు. అక్కడే ఆగాల్సింది, ఆగలేదు, ఇరవై వేలు తగ్గించాడని సంబరపడ్డాను కూడా. లోపల సీటు కవర్లు కొత్తవి, కింద మ్యాటు కొత్తది, డాష్ మీద మల్లెపూల సెంటు డబ్బా, ఏసీ ఫుల్లు. టెస్ట్ డ్రైవ్‌లో చప్పుడు లేకుండా కదిలింది, ఇంకేం చూస్తాం.

నాలుగు నెలలు బాగానే తిరిగింది. జూన్‌లో తొలకరి పడ్డాక ఏసీ వేస్తే తడిసిన గోనెసంచి వాసన, ఫిల్టర్ మార్చాను, పోలేదు. తర్వాత చించినాడ వంతెన మీద, వెనక రొయ్యల లారీ హారన్ కొడుతుంటే, మీటర్లో హైబ్రిడ్ సిస్టమ్ లోపం అని ఎర్రగా వచ్చి బండి నీరసించిపోయింది, ఎలాగో ఈదుకుంటూ వంతెన దింపాను. మా ఊరి మెకానిక్ వచ్చి డిక్కీ తెరిచి ఆరెంజ్ కలర్ వైరు చూసి చెయ్యి వెనక్కి తీసేసుకున్నాడు, ‘ఇది నా పని కాదండి బాబు, ముట్టుకుంటే పోతాం’ అన్నాడు. దేవుడు లాంటోడు. ఆరెంజ్ వైరంటే హై వోల్టేజ్, తెలియని వాళ్లని అస్సలు ముట్టుకోనివ్వకండి. తాడు కట్టి లాక్కెళ్లొద్దని కూడా అతనే చెప్పాడు, మోటారు చక్రాలతో పాటే తిరిగేస్తుందంట, మొత్తం బండిని ఎక్కించుకునే రికవరీ వ్యానే పిలవాలి.

సర్వీస్ సెంటర్లో వెనక సీటు ఊడదీశారు. సీటు దగ్గర ఒక జాలీ ఉంటుంది, బ్యాటరీ చల్లబడటానికి ఫ్యాను అక్కడి నుంచే గాలి పీలుస్తుంది. ఆ గొట్టం విప్పితే లోపల ఫ్యాను రెక్కల మీద మందంగా బురద, ఎండి పెచ్చులు కట్టి ఉంది, కనెక్టర్ పిన్నులన్నీ పచ్చగా చిలుం పట్టి ఉన్నాయి. పైన సీట్లు కడిగారు, కార్పెట్ మార్చారు, ఆ గొట్టంలోకి మాత్రం ఎవడి చెయ్యీ పట్టలేదు. చిలుం ఒక్కరోజులో కొరికెయ్యదు కదండి, నెలలు పడుతుంది, అందుకే అమ్మినప్పుడు బండి బంగారంలా ఉంది.

మా నాన్న లంకలో వ్యవసాయం చేసిన మనిషి, నాతో పాటే వచ్చారు. ఆ పెచ్చు ఒకటి తీసి వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి, ‘ఇది గోదారి ఒండ్రు కాదురా, మనది ఎర్రగా మెత్తగా ఉంటుంది, ఇది నల్లది, మురిక్కాలవ కంపు కొడుతోంది’ అన్నారు. అప్పుడు వెలిగింది నాకు. 2024 సెప్టెంబరు, బెజవాడ, బుడమేరు వరద.

ఇంటికెళ్లి కాయితాలు తీస్తే అన్నీ నా దగ్గరే ఉన్నాయి, చదవలేదంతే. ఆర్సీలో రిజిస్ట్రేషన్ ఆఫీసు విజయవాడ అని ఉంది. ఒకప్పుడైతే నంబరు ప్లేటు చూస్తే తెలిసిపోయేది, ఏపీ 16 అంటే కృష్ణా, మనది 05, అవతల గట్టు 37, 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 అయ్యాక బెజవాడ బండీ అమలాపురం బండీ ఒకలాగే కనపడతాయి, ఆర్సీ చదవాల్సిందే. ఇంకోటి ఇన్సూరెన్స్. జూలైలో కొన్న బండికి డ్యామేజ్ పాలసీ జూలైకి జూలైకి రావాలి, నాకిచ్చింది జనవరిలో మొదలైంది. మధ్యలో పాత పాలసీ ఏమైనట్టు? సర్వీస్ రికార్డు అడిగితే 2024 ఆగస్టు తర్వాత ఖాళీ. మొదటి ఓనరుని పట్టుకుని ఫోన్ చేస్తే ఆయన ఫారినూ లేదు ఏమీ లేదు, సింగ్ నగర్‌లోనే ఉన్నాడు, పాపం మంచాయన, ‘మూడ్రోజులు సీట్ల మీద దాకా నీళ్లండి, ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కింద డబ్బులిచ్చి బండి పట్టుకుపోయారు, అది ఇంకా తిరుగుతోందా’ అని నన్నే అడిగాడు. రిపేరు ఖర్చు బండి ఇన్సూరెన్స్ విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్ అంటారంట. అలాంటివి తుక్కు రేటుకి వేలంలో కొని, కడిగి, సెంటు కొట్టి మనకి అమ్ముతారు.

మామూలు పెట్రోలు బండి మునిగితే కడిగి ఆయిలు మార్చి ఎలాగో నెట్టుకురావొచ్చేమో. హైబ్రిడ్‌కి బ్యాటరీ, దాని ఫ్యాను, దాని వైర్లు అన్నీ వెనక కిందనే, నీళ్లు ముందు వెతుక్కునేది దాన్నే. హైబ్రిడ్ బ్యాటరీకి ఎనిమిదేళ్లు లక్షా అరవై వేల కిలోమీటర్ల వారంటీ ఉంది కదా అని నేనూ ధైర్యంగా ఉన్నాను, మునిగిన బండికి అది వర్తించదన్నారు. రిపేరు ఎస్టిమేషన్ 4 లక్షల 60 వేలు.

కన్సల్టెన్సీ అతను ‘ఉన్నది ఉన్నట్టు అని సంతకం పెట్టారు కదా గురువుగారూ’ అన్నాడు, టీ కూడా తెప్పించాడు. తాగలేదు. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915 నంబరుకి ఫోన్ చేశాను, జిల్లా కన్జ్యూమర్ కమిషన్లో వేశాను, రెండేళ్ల లోపు వెయ్యాలి, వాట్సాప్ మెసేజులు, అతను ‘నాన్ ఫ్లడ్’ అని పెట్టిన వాయిస్ నోటు అన్నీ దాచాను. మీరూ ఏ మాట అయినా వాట్సాప్‌లో రాయించుకోండి.

చూసేటప్పుడు సీటు బెల్టు పూర్తిగా చివరిదాకా లాగండి, కింద మూర పొడుగు ఎప్పుడూ బయటికి రాదు, నీటి మరక అక్కడ ఉంటుంది. డిక్కీలో స్టెప్నీ గుంట చూడండి, సీటు కింద బోల్టులకి తుప్పు చూడండి. అన్నిటికన్నా ముందు ఆ జాలీలోకి సెల్ లైటు వేసి, వేలు పెట్టి తిప్పి, వేలు చూసుకోండి. పది నిమిషాలు ఏసీ ఆపి అద్దాలు మూసి ఎండలో కూర్చుంటే సెంటు దాచింది ఏంటో కూడా బయటపడుతుంది.

మొన్న తణుకు వెళ్తూ ఆ కొట్టు ముందు ఆగాను. ఇంకోటి పెట్టాడు, తెల్లది, స్ట్రాంగ్ హైబ్రిడ్, సింగిల్ ఓనర్ అని అద్దం మీద రాసి ఉంది. దగ్గరికెళ్లి లోపలికి చూస్తే డాష్ మీద అదే మల్లెపూల డబ్బా.