3,800 రూపాయలకు 12,000 అడుగులు

కేదార్‌కంఠ వెళ్లి వచ్చి నెలయింది. కాళ్ల నొప్పులు తగ్గాయి కానీ 7,600 రూపాయల మీద కోపం ఇంకా తగ్గలేదు. నాకూ, మా బావమరిదికీ చెరి 3,800. ఒక శిక్షణ శిబిరానికి సమర్పించుకున్నాం.

ఉత్తరాఖండ్‌లోని ఆ శిఖరం ఎత్తు దాదాపు 12,500 అడుగులు. మా హనుమకొండ వెయ్యి అడుగులు కూడా ఉండదు. నాకు 44 ఏళ్లు, పైగా కుర్చీ ఉద్యోగం. అందుకే సెప్టెంబరు నుంచే తెల్లవారుజామున పద్మాక్షి గుట్ట మెట్లు ఎక్కడం మొదలుపెట్టాను. మా అమ్మాయి పాత బడిసంచిలో రెండు లీటర్ల నీళ్ల సీసాలు నాలుగు పెట్టుకుని ఎక్కేవాణ్ణి. మొదటి రోజు సగం మెట్ల దగ్గరే కూర్చుండిపోయాను. బరువుతో దిగితే మోకాళ్లు పట్టేస్తున్నాయని, పైకి వెళ్లాక ఆ నీళ్లు చెట్ల మొదళ్లలో పోసి ఖాళీ సంచితో దిగేవాణ్ణి. బతుకమ్మ రోజుల్లో అక్కడ అడుగుపెట్టే సందు ఉండదు కాబట్టి భద్రకాళి చెరువు కట్ట మీదికి మారాను. 3,200 పెట్టి కొన్న బూట్లు నెల రోజుల ముందు నుంచే వేసుకుని తిరిగాను. బొబ్బలేవో ఇక్కడే వచ్చి ఇక్కడే మానాయి. ఇంతకు మించి ఖర్చు అవసరం లేదని మా ఆవిడ మొదటి నుంచీ చెబుతూనే ఉంది.

వినలేదు. నవంబరులో రేగొండ దగ్గరి పాండవుల గుట్టల్లో రెండు రోజుల శిబిరం ఉందని బావమరిది ఫోన్లో ప్రకటన చూపించాడు. ‘హిమాలయాల ఎత్తుకు మీ శరీరాన్ని ఇక్కడే అలవాటు చేస్తాం’ అని రాసి ఉంది. వెళ్లాక ఒక్కొక్కరి చేతిలో నల్లటి రబ్బరు మాస్కు పెట్టారు. ముక్కు దగ్గర తిప్పే బిళ్ల ఉంటుంది. దాన్ని ఆఖరి గీత దాకా తిప్పితే 12,000 అడుగుల మీద ఉన్నట్టేనట. నా మాస్కులో ముందు బ్యాచి వాళ్లెవరిదో కొబ్బరినూనె వాసన. అది తగిలించుకుని గంటసేపు బండల మధ్య పరుగెత్తాం. రాత్రి పదిన్నరకు చల్లారిన బగారా అన్నం, చెంచాడు పెరుగు. గుడారానికి జిప్పు లేదు, చీమలకు మాత్రం దారి బాగానే తెలుసు. మర్నాడు ఉదయం లామినేషన్ చేసిన సర్టిఫికెట్లు పంచారు. గుట్టలను మాత్రం ఏమీ అనను. ఆ ఇసుకరాతి కొండలు, వాటి మీది ఆదిమానవుల బొమ్మలు చూడాలంటే సొంతంగా ఒక పూట వెళ్లి రండి.

మాస్కు గాలిని అడ్డుకుంటుంది, అంతే. ఎత్తు మీద జరిగేది వేరు. గాలిలో ఆక్సిజన్ పాలు అక్కడా 21 శాతమే. తగ్గేది పీడనం. 12,000 అడుగుల దగ్గర అది సముద్రమట్టంలో ఉండేదానిలో సుమారు మూడింట రెండు వంతులు. దానికి ఒళ్లు అలవాటుపడాలంటే అక్కడికి వెళ్లి, కొద్దికొద్దిగా ఎక్కుతూ, రాత్రుళ్లు అక్కడే పడుకోవాలి. శిబిరంవాళ్లు మాటకు ముందు మాలావత్ పూర్ణ పేరు ఎత్తారు. నిజామాబాద్ జిల్లా నుంచి వెళ్లి 2014 మే 25న, పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కిన అమ్మాయి. ఆమె భువనగిరి బండ మీద నేర్చుకున్న మాట నిజమే. ఆ తర్వాత డార్జిలింగ్‌లోనూ, లద్దాఖ్ చలిలోనూ శిక్షణ పొందిన సంగతి మాత్రం వీళ్లు చెప్పలేదు.

డిసెంబరులో కాజీపేటలో తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఢిల్లీ, డెహ్రాడూన్, ఎక్కడం మొదలయ్యే సాంక్రీ ఊరి దాకా చెప్పుకోదగ్గ ఇబ్బందేమీ లేదు. ట్రెక్కింగ్ రుసుము మనిషికి 9,500. డెహ్రాడూన్ నుంచి జీపుకు 1,200. గదిలో బకెట్ వేడినీళ్లకు 50 తీసుకున్నారు, ఆ చలిలో 100 అడిగినా ఇచ్చేవాణ్ణి.

తలనొప్పి వస్తే దాచకూడదని చెరువు కట్ట మీద ఇద్దరం మాట అనుకున్నాం. 11,000 అడుగుల దగ్గరి గుడారంలో బావమరిది ఆ రాత్రి రొట్టె ముట్టలేదు. ఆకలి లేదన్నాడు. మంచులో బయటికి వెళ్లి వాంతి చేసుకుని వచ్చి, అదీ చెప్పలేదు. ఒంటిగంటకు నేనే టార్చి వేసి గట్టిగా అడిగితే, “సాయంత్రం నుంచే తల పగిలిపోతోంది బావా. శిక్షణ తీసుకున్నాం కదా, అదే సర్దుకుంటుందనుకున్నాను” అన్నాడు. సర్టిఫికెట్ మనిషిని ఎంత పని చేసిందో చూడండి. గైడ్ పేరుకు కుర్రవాడే కానీ బేరం పెట్టలేదు, బుజ్జగించలేదు. ఒక సహాయకుణ్ణి తోడిచ్చి వెంటనే కిందికి పంపించాడు. ఎత్తు పడక వచ్చే ఈ జబ్బుకు మొదటి మందు దిగడమేనట. మాత్రలేవైనా వైద్యుణ్ణి అడిగి ఇక్కడి నుంచే తీసుకెళ్లండి.

నేను మూడు గంటలకు బయల్దేరి, పదిహేను అడుగులకోసారి ఆగుతూ ఎక్కాను. పద్మాక్షి గుట్ట దయవల్ల పిక్కలు మొరాయించలేదు. పైన ఎండ పడేసరికి ఎదురుగా స్వర్గారోహిణి శిఖరం కనిపించింది. పాండవులు స్వర్గానికి వెళ్లిన దారి అదేనంటారు. వాళ్లు మాస్కు పెట్టుకుని వెళ్లినట్టు ఎక్కడా వినలేదు.

సాంక్రీకి దిగేసరికి బావమరిది పొయ్యి పక్కన కూర్చుని రాజ్‌మా అన్నం రెండోసారి వడ్డించుకుంటున్నాడు. అయినా రైల్లో ఢిల్లీ నుంచి బల్లార్షా దాకా నాతో సరిగా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక శిబిరంవాళ్లకు నేనే ఫోన్ చేసి డబ్బు వెనక్కి అడిగాను. ఇవ్వడం కుదరదట, వచ్చే బ్యాచిలో చేరితే 500 తగ్గిస్తారట.